ఇరవైమూడో రాయి

మా ఆడపడుచు పెద్దాఫీసరు నోరు మూయించిన రోజున నేను ఆ గదిలోనే ఉన్నాను. టీ గ్లాసులు తీస్తున్నట్టు నటిస్తూ ఒక్క మాట వదలకుండా విన్నాను.

మా ఇల్లు లాంచీ రేవుకు ఎదురుగా ఉంటుంది. ఈ దీవికి వచ్చింది ఆఫీసరైనా యాత్రికుడైనా, ఒక రాత్రి ఆగాలంటే మా ముందుగదులు మూడే దిక్కు. ఆ రోజు భోజనాల బల్ల మీద నేను పరిచిన గుడ్డ లాగేసి పెద్ద పెద్ద కాగితాలు పరిచారు. కొండ మీద ఎన్ని వేల ఏళ్ళ కిందటో ఎవరో గుండ్రంగా నిలబెట్టిన రాళ్ళున్నాయి. వాటిలో అన్నిటికన్నా పొడుగుది అప్పటికి నాలుగేళ్ళ కిందటి తుఫానుకు పడిపోయింది. దాన్ని మళ్ళీ లేపడానికి పురావస్తు శాఖవాళ్ళు గొలుసులు, కప్పీలు వేసుకుని దిగారు. ఆ రాయి నెత్తి చదునుగా ఉండదు, ఒక పక్కకు ఏటవాలుగా ఉంటుంది. ఎత్తు కొస సముద్రం వైపు రావాలని కాగితంలో గీశారు. కొండ శిఖరం వైపు ఉండేదని మా ఆడపడుచు అంది.

"ఫొటో ఉందమ్మా," అన్నాడు పెద్దాఫీసరు, చంటిపిల్లకు ముద్ద పెడుతున్నంత ఓపికగా. "తుఫానుకు ముందు తీసినది ఇదొక్కటే మిగిలింది. దీన్ని చూసే గీశాం."

ఆ ఫొటోలో రాయి పక్కన నిలబడినవాడు ఆమె మొగుడే. ఆ రాళ్ళకు కాపలాదారుగా ఉండేవాడు. అప్పటికి ఏడాది కిందటే జ్వరంతో పోయాడు. ఆమె ఫొటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. ఏడుస్తుందేమోనని నేను తువ్వాలు అందుకున్నాను.

"సార్, ఈ చొక్కా కుట్టింది నేను," అంది. "మా ఆయనకు జేబు కుడివైపు ఎప్పుడొచ్చింది?"

"ఏమిటమ్మా?"

"జేబండీ. ఎడమవైపు కుట్టాను. మీ ఫొటోలో కుడివైపుంది. మీవాళ్ళు ఫిల్ము తిరగేసి కడిగారు. జేబు తిరిగినప్పుడు రాయి తిరగదా?"

పక్కనున్న చిన్నాఫీసరు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. పెద్దాయన ఫొటోను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. తన చొక్కా జేబు తడుముకున్నాడు, మళ్ళీ ఫొటో చూశాడు. చివరికి చిన్నాయన వైపు చెయ్యి చాపి, "ఆ రబ్బరు ఇలా ఇవ్వు," అన్నాడు. గీసిందంతా చెరిపి మళ్ళీ గీసేసరికి టీ చల్లారిపోయింది. నేను వేడి చేసి ఇవ్వలేదు. చదువుకున్నవాళ్ళు అప్పుడప్పుడు చల్లటి టీ తాగితే మంచిదే.

ఆమె నా మొగుడి చెల్లెలు. నేను కాపురానికి వచ్చేనాటికి పదేళ్ళ పిల్ల. గాలికి తలుపులు టపటపా కొట్టుకుంటుంటే దుప్పట్లో దూరాల్సింది పోయి, ఎదురు నిలబడి "ఇంకా కొట్టుకో, చూస్తా" అనేది. నడుస్తూ అడుగులు లెక్కపెట్టే పిచ్చి అప్పటినుంచే. రేవు నుంచి బడికి ఎన్ని అడుగులు, బడి నుంచి బావికి ఎన్ని అడుగులు అని గోడల మీద బొగ్గుతో రాసేది. అందుకే ఊళ్ళో ఆమెను అడుగులమ్మ అంటారు. పెద్దదయ్యాక కూర్చున్నచోట జాన వేసి కొలవడం కూడా తోడైంది. భోజనానికి పిలిస్తే ముందు బల్ల కొలిచి తర్వాత తినేది.

మొగుడు పోయాక కాపలా పని ఆమెకే ఇచ్చారు. ఆర్డరులో 'తగిన మనిషి దొరికేవరకు తాత్కాలికంగా' అని రాశారు. అది జరిగి ఇరవై ఆరేళ్ళయింది.

"ఇంకా వెతుకుతున్నారు వదినా," అనేది. "రోజూ ఎదురుగానే ఉన్నాను. నేను మనిషిలా కనపడలేదు కాబోలు."

వారానికి రెండుసార్లు లాంచీ వస్తుంది, సముద్రం ఒప్పుకుంటే. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, పసుపు రెయిన్‌కోటు, మెడలో మొగుడి ఈల, చేతిలో టికెట్ల పుస్తకం. రేవులోనే అందరినీ వరసలో నిలబెట్టేది. "వానొస్తుందా అండీ?" అని ఎవరైనా అడిగితే, "వచ్చేసింది. మీదాకా ఇంకా రాలేదంతే" అనేది. ముప్పావుగంట గాలిలో కొండెక్కించి, రాళ్ళ దగ్గరికి చేరాక ముందు బయటినుంచి ఒక చుట్టు తిప్పేది, ఎవరూ నోరు మెదపకూడదు. ఆ తర్వాతే ప్రశ్నలు.

"వీటిని రాక్షసులు పాతారటగా?"

"రాక్షసులకు ఇంత ఓపికెక్కడిది? మీలాంటివాళ్ళే పాతారు. పాతమన్నవాడు ఒకడు, మోసినవాళ్ళు నలభైమంది. ఎవరి పేరూ మిగల్లేదు, అదొక్కటే న్యాయం."

"ఎందుకు పాతారు?"

"కనుక్కుందామనే రోజూ వస్తున్నా. మీకెవరైనా చెప్తే నాకూ చెప్పండి."

ఇవన్నీ యాత్రికులు సాయంత్రం నా బల్ల దగ్గర రొట్టె తింటూ చెప్పుకుంటే విన్నవే. నేను మాత్రం కొండెక్కలేదు. కాపురానికి వచ్చిన కొత్తలో గొర్రెల వెంట వెళ్ళిందే ఆఖరు. "ఒక్కసారి రా వదినా" అని ఆమె ఎన్నిసార్లు పిలిచినా మోకాళ్ళ నొప్పులనేదాన్ని. మోకాళ్ళు బాగున్న రోజుల్లోనూ అదే మాట అన్నాను. కారణం తర్వాత చెప్తాను.

కొండ మీద ఉన్నవి ఇరవైరెండు రాళ్ళు. నల్లగా, నున్నగా ఉంటాయి. మా దీవిలో మిగతా రాయంతా గోరుతో గీకితే పొరలూడేదే. ప్రతి రాయికీ లోపలివైపు గుప్పెడేసి గుంటలు మూడు, ఒకదాని కింద ఒకటి చెక్కి ఉంటాయి. రాయికీ రాయికీ మధ్య తొమ్మిది అడుగులు, ఎక్కడ కొలిచినా అంతే. తూర్పున ఒక్కచోట మాత్రం పద్ధెనిమిది. శాఖవాళ్ళు పెట్టిన బోర్డులో అది 'ద్వారం' అని ఉంది. ఎవరో గొప్పాయన తన నివేదికలో అలా రాశాడట.

"ద్వారమా నా మొహమా," అనేది అడుగులమ్మ. "వాకిలి పెట్టేవాడు రెండు పక్కలా పొడుగాటివి పెట్టుకుంటాడు. అక్కడున్నవి అన్నిట్లోకీ పొట్టివి. మధ్యలో ఇంకో పొట్టిది ఉండాలి. ఇరవైమూడోది."

ఒక ఏడు పెద్దవాన పడి ఆ ఖాళీలో మట్టి కొట్టుకుపోయింది. కింద చిన్నరాళ్ళు గుండ్రంగా కూరి ఉన్నాయి, రాయి పాదం కదలకుండా బిగించినట్టు. ఆమె వాటి నడుమ జాన వేసింది. మూడు జానల మీద నాలుగు వేళ్ళు. రాళ్ళ పాదం ఎలా ఉంటుందో పొడుగురాయిని లేపిన రోజున చూసింది, పంటి వేరులా సన్నగా చెక్కి ఉంటుంది. గుంట కూడా సరిగ్గా అలాగే సన్నబడింది. వెంటనే శాఖకు ఉత్తరం రాసింది. ఆనాడు దగ్గిన చిన్నాఫీసరు అప్పటికి పెద్దాఫీసరయ్యాడు. అతను వచ్చి గుంట చూసి, మట్టి కప్పించి, "రాయి చూపించండమ్మా, బోర్డు మార్పిస్తాను. అడుగుల లెక్కలూ జానల లెక్కలూ ఫైల్లో చెల్లవు," అన్నాడు.

అంతే, ఇక దీవిలో ఎవరింటికి వెళ్ళినా ఆమె మనుషుల మొహం చూడటం మానేసింది. గడపలు చూసేది, గొర్రెలు నీళ్ళు తాగే తొట్లు చూసేది, పొయ్యి కింద తల పెట్టి చూసేది. ఒక పెళ్ళికి వెళ్ళి పెళ్ళికొడుకు నిలబడ్డ మెట్టును కొలిచింది. ఇరవయ్యేళ్ళు అలా వెతికింది. వచ్చిన ప్రతిసారీ నేను టీ పోసి, "ఈసారి ఎవరింట్లో చూశావే?" అని అడిగేదాన్ని.

కిందటేడు శాఖవాళ్ళ కొత్త ఆర్డరు వచ్చింది. ఆ 'ద్వారం' గుండా రాళ్ళ నడిమధ్యకు సిమెంటు బాట వేస్తారట. యాత్రికుల చెవులకు తగిలించే పెట్టెలు కూడా వస్తాయట, కథంతా అవే చెప్తాయి.

"మీకు విశ్రాంతమ్మా," అన్నాడు ఆఫీసరు, వరం ఇచ్చినట్టు.

"విశ్రాంతి తీసుకుంటాను సార్, నాకేం? మీరు మూడడుగుల లోతు తవ్వి సిమెంటు పోస్తే ఆ గుంట పోతుంది. రేపు రాయి దొరికితే ఎక్కడ నిలబడాలి, మీ ఆఫీసులోనా?"

"దొరికితే చూద్దాం."

"తవ్వాక ఏం చూస్తారు?"

అతను ఫైలు మూసి లాంచీ ఎక్కాడు. ఆర్డరు మారలేదు.

సిమెంటు బస్తాలు, ఇనుప కడ్డీలు లాంచీలో వచ్చాయి. రేవుకు దగ్గరని మా పెరట్లో కొట్టంలోనే దించారు. పనివాళ్ళు తర్వాతి లాంచీకి రావాలి. అడుగులమ్మ ఆ బస్తాలు చూడటానికి వచ్చింది. కొండంతా బురద. బూట్లు గీక్కోవడానికి పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చుంది. ఒక చేత్తో బూటు లాగుతూ, రెండో చేత్తో అలవాటుగా అంచు మీద జాన వేసింది. ఒకటి, రెండు, మూడు, మీద నాలుగు వేళ్ళు.

లేచి నిలబడింది. ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడు. అలాగే బండ చుట్టూ తిరిగింది. తూము వైపు కొస సన్నబడి ఉంటుంది, పంటి వేరులా. దాని ముందు ఆగింది.

"వదినా, ఈ బండ ఎక్కడిది?"

నేను దుప్పటి పిండుతున్నాను. పిండిన దాన్నే మళ్ళీ పిండాను.

"నువ్వు పుట్టకముందు నుంచీ ఉంది. మీ నాన్నను అడుగు."

"ఆయన పోయి ముప్ఫై ఏళ్ళు."

"అయితే ఆలస్యం చేశావు."

"నా చిన్నప్పుడు దీనికి సబ్బు పెట్టుకునే గుంటలుండేవి. మూడు. అవేవి?"

నేను దుప్పటి తీగ మీద వెయ్యబోయాను.

"సబ్బు గుంటలనుకున్నాను," అంది, నాతో కాదు, బండతో. "అమ్మ చెక్కించుకుందనుకున్నాను. పైన రోజూ ఇరవైరెండు రాళ్ళకు అవే గుంటలు చూస్తూ, సబ్బు గుర్తుకు రాలేదు నాకు! ఊళ్ళో ప్రతి గడపా కొలిచి, పుట్టిల్లు ఒక్కటే వదిలేశాను." అప్పుడు నావైపు తిరిగింది. "నీకు తెలుసు."

తెలుసు. మా మామగారు ఇల్లు కట్టినప్పుడు, పొరలూడే రాయి మీద ఉతికితే బట్టలు చిరుగుతున్నాయని మా అత్తగారు సతాయిస్తే, కొండ మీద పడి ఉన్న పొట్టిరాయిని దుంగల మీద దొర్లించుకుని తెచ్చారు. అప్పట్లో వాటిని పట్టించుకున్న నాథుడు లేడు, గొర్రెలు వీపు గోక్కునేవి. నా పెళ్ళయిన పదిపన్నెండేళ్ళకు శాఖవాళ్ళు వచ్చి, రాళ్ళు ముట్టుకుంటే జైలని బోర్డు పాతారు. ఆ వారమే మామగారూ మా ఆయనా గునపాలు వేసి బండను బోర్లా తిప్పారు. దారిన పోయేవాళ్ళకు కనపడకుండా నేను తీగ మీద దుప్పట్లు ఆరేశాను. ఎవరితోనూ అనకని అత్తగారు నాతో ఒట్టు వేయించుకుంది, ఈమెతో అసలే అనకూడదంది, ఈమె మొగుడే కాపలాదారు కదా. నేను అనలేదు. అడిగారా అంటే ఎవరూ అడగలేదు. ఇరవైరెండు రాళ్ళ మధ్యకు వెళ్ళి ఆ ఖాళీ చూసే ముచ్చట నాకు లేకపోయింది, అందుకే కొండెక్కలేదు. ఇదంతా ఆమెకు చెప్పాను. ఇంతకుమించి సంజాయిషీ నా దగ్గర లేదు.

"ప్రతిసారీ టీ పోసి, ఎక్కడ వెతికావని అడిగేదానివి!" అంది.

"అడగనా మరి? ఇంకా ఎక్కడ వెతకలేదో నాకు తెలియాలిగా."

ఆమె చేతిలో ఉన్న బూటు నా మీదికి విసిరింది. తగలలేదు. తగిలినా తప్పు నాదేనని ఒప్పుకునేదాన్ని, అది వేరే సంగతి.

కేకలు విని మా ఆయన కర్ర పట్టుకుని వచ్చాడు. డెబ్బై ఎనిమిదేళ్ళు, ఒక కాలు సరిగ్గా పడదు, నోరు మాత్రం బాగా పడుతుంది. "అది మా అమ్మ బండ! ముట్టుకుంటే ఊరుకోను. నన్ను జైలుకు పంపిస్తావా?"

"నిన్ను పంపిస్తే శిక్ష జైలువాళ్ళకు అన్నయ్యా. అయినా అప్పుడు నీకు పన్నెండేళ్ళు. ఏదో తాడు పట్టుకుని ఉంటావు."

"తాడా?" మా ఆయనకు రోషం వచ్చింది. "తాడు ఎవడైనా పట్టుకుంటాడు. దుంగలు మార్చింది నేను! వెనక దుంగ తీసి ముందు పెట్టాలి, రాయి ఆగకుండా. నేను లేకపోతే అంగుళం కదిలేది కాదది."

"అయితే మళ్ళీ పైకెక్కించడం ఎలాగో నువ్వే చెప్పాలి," అంది ఆమె.

మా ఆయన గడ్డం గోక్కుని, "కిందికి రావడం వేరు, పైకెక్కించడం వేరు. పన్నెండుమంది కావాలి," అని గొణిగాడు. పది నిమిషాలు పోయాక బొగ్గు అడిగి, గోడ మీద దుంగల బొమ్మ గీస్తున్నాడు.

నేను ఆమెకు ఒక్క మాటే చెప్పాను. "ఈ సంగతి బయటపడితే కాపలాదారు ఇంట్లోనే దొంగతనమంటారు. ఇన్నేళ్ళ పని, పేరు అన్నీ పోతాయి. రాయి ఇక్కడే ఉండనీ, ఎవరికీ తెలియదు."

"నాకు తెలుసు కదా," అంది.

తర్వాతి లాంచీలో ఆఫీసరు, మేస్త్రీ, నలుగురు పనివాళ్ళు దిగారు. ఆమె రేవులోనే వాళ్ళను ఆపి, సరాసరి మా పెరట్లోకి తీసుకొచ్చింది. "బాబూ, ఆ గునపాలు ఒకసారి ఇలా వెయ్యండి," అని పనివాళ్ళ చేతే బండను తిప్పించింది. అడుగున వానపాములు, తెల్లటి వేళ్ళు, తడి మట్టి. ఆమె బకెట్టెడు నీళ్ళు కొట్టింది. మూడు గుంటలూ బయటపడ్డాయి.

ఆఫీసరు గొంతుక్కూర్చుని ఒక్కో గుంటలో వేళ్ళు పెట్టి చూశాడు. లేచి చేతులు దులుపుకుని, గొంతు మార్చాడు. "ఇది నేరమని తెలుసా అమ్మా? మీ ఉద్యోగం మీదికి వస్తుంది."

"తెలుసు సార్. తీసింది మా నాన్న, దాచింది మా ఇల్లు. రాసుకోండి, వేలిముద్ర కాదు, సంతకమే పెడతాను. నాది మనిషి దొరికేవరకు ఇచ్చిన ఉద్యోగం. మీకు ఇప్పుడు రాయి దొరికింది. ముందు దాని సంగతి చూడండి. బోర్డు మారుస్తానన్నారు."

"పైకి రాయాలి. జవాబుకు పది రోజులు పడుతుంది."

మేస్త్రీ అడ్డొచ్చాడు. "పది రోజులంటే నాకు కుదరదు సార్. శనివారం లాంచీకి మేం వెళ్ళిపోవాలి. రేపు పొద్దున్నే తవ్వకం మొదలుపెడతాం."

"ఆర్డరు ఉన్నంతవరకు ఆపే అధికారం నాకు లేదమ్మా," అన్నాడు ఆఫీసరు, ఆమె మొహం చూడకుండా.

"తవ్వించే అధికారం ఉంది, ఆపే అధికారం లేదు. ఎవరిచ్చారు సార్ మీకీ ఒంటిచేతి ఉద్యోగం?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "సరే, ఒకటి చెప్పండి. రాళ్ళలో ఒకదాన్ని ముట్టుకుంటే జైలని మీ బోర్డు మీదే ఉంది. రేపు సాయంత్రానికి ఈ రాయి ఆ గుంటలో నిలబడి ఉంటే, దాన్ని పీకి బాట వేయమని మీరు సంతకం పెడతారా?"

ఆఫీసరు నుదురు రుద్దుకున్నాడు. "నాకు తలనొప్పిగా ఉంది. రేపు సాయంత్రం వరకు గదిలో రిపోర్టు రాసుకుంటాను. ఎవరూ పిలవకండి," అని మా ముందుగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఆనాడు దగ్గినవాడు కదా, పూర్తిగా చెడిపోలేదు.

ఆమె రేవుకు వెళ్ళి, పడవలవాళ్ళ ఇళ్ళన్నీ తిరిగి వచ్చింది. మగవాళ్ళంతా చేపల వేటకు వెళ్ళారు, రేపు మధ్యాహ్నానికి గానీ రారు. వచ్చాక పన్నెండుమందీ తాళ్ళు తీసుకుని వస్తామని వాళ్ళ ఆడవాళ్ళు మాటిచ్చారు. కానీ మేస్త్రీ పొద్దున్నే తవ్వుతాడు. మధ్యాహ్నం రాయి కొండెక్కేసరికి అక్కడ గుంట బదులు కందకం ఉంటుంది. ఆ ఒక్క పూటే అడ్డం.

సాయంత్రం వెలుగుండగానే వంటింట్లోకి వచ్చింది. నేను గిన్నెలు తోముతున్నాను. బూటు విసిరాక ఆమె నాతో మాట్లాడటం అదే మొదలు. టికెట్ల పుస్తకం తీసి, ఒకటి చింపి, తడి బల్ల మీద పెట్టింది.

"ఏమిటే ఇది?"

"టికెట్టు. టికెట్టు ఉన్నవాళ్ళు గేటు తీసింది మొదలు మూసేదాకా ఎక్కడైనా ఉండొచ్చు. రూల్సులో ఉంది. వాళ్ళకు తగిలేలా తవ్వకూడదనీ ఉంది. నేను అడ్డం నిలబడితే ఉద్యోగి పని ఆపిందని గంటలో పంపించేస్తారు. నువ్వు యాత్రికురాలివి వదినా. రేపు గేటు తీయగానే వచ్చి, ఆ గుంట మీద నిలబడు."

"నా మోకాళ్ళు—"

"కుర్చీ తెచ్చుకో. కూర్చుంటే నువ్వు సరిగ్గా ఆ రాయి ఎత్తు ఉంటావు. కొలిచాను."

"ఎప్పుడు కొలిచావే నన్ను?"

"నువ్వు దుప్పటి రెండోసారి పిండుతున్నప్పుడు."

నేను గిన్నె కింద పెట్టాను. "ఆ మేస్త్రీ పొమ్మంటే?"

"వినపడలేదను."

"గునపాలు తెచ్చి పక్కన నిలబడితే?"

"నీ నోరుంది కదా. ఇన్నేళ్ళు నా మీదా, అన్నయ్య మీదా వాడి అరగదీశావు, ఒక పూట వాళ్ళ మీద వాడు. నీ ఇష్టం వచ్చినట్టు తిట్టు. వాన పడితే తడువు." టికెట్టును తడి తగలకుండా నావైపు ఇంకొంచెం జరిపింది. "మేం రాయితో వచ్చేదాకా మాత్రం అక్కణ్ణుంచి లేవకు వదినా."